తొడిమ ముక్క

రాత్రి పదకొండు దాటింది. ఫ్యాను తిరుగుతూనే ఉంది, గాలి మాత్రం పక్కింటివాళ్లకు వీస్తున్నట్టుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. మా ఇంట్లో రోలు లేదు కనుక పగలడానికి నా తల ఒక్కటే మిగిలింది. అయినా నిద్ర పట్టకపోవడానికి కారణం ఎండ కాదు, కీర దోసకాయ. నవ్వకండి.

మా ఆవిడ బళ్లారి వెళ్లి ఆరు రోజులైంది. వంటింట్లో నేనూ నాన్నగారూ. మిగతాది మీరే ఊహించుకోగలరు. ఈ వేడికి పొయ్యి దగ్గర నిలబడలేక మధ్యాహ్నం పెరుగన్నంలోకి వడపప్పు కలిపాను. శ్రీరామనవమికి పానకంతో పాటు పెట్టేదే, కాకపోతే కీర ముక్కలు ఎక్కువ, పప్పు తక్కువ. ఆవిడ దీన్నే కోసంబరి అంటుంది, నేను వడపప్పు అంటాను, పెళ్లయి ఇన్నేళ్లైనా ఆ తగువు తేలలేదు. గుప్పెడు పెసరపప్పు గంటసేపు నానబెట్టి, రెండు కీరలు సన్నగా తరిగి, మామిడికాయ కోరు, పచ్చికొబ్బరి, పచ్చిమిర్చి వేసి, పైన ఆవాలూ ఇంగువా పోపు పెట్టడమే. ఉప్పు, నిమ్మరసం మాత్రం కంచాల ముందు కూర్చున్నాకే వేయాలి. కీరలో నూటికి 95 వంతులు నీళ్లే. ముందుగా ఉప్పు వేస్తే అదంతా బయటికి లాగేస్తుంది, అరగంటలో గిన్నెలో చారు తయారవుతుంది. ఈ ముక్క తలకెక్కడానికి నాకు మూడు వేసవులు పట్టింది.

అసలు గొడవ నురగ గురించి. నాన్నగారు కీరను ముట్టుకుంటే తొడిమ వైపు చిన్న ముక్క కోస్తారు, దానికి కాస్త ఉప్పు అద్ది, కోసిన చోటే గుండ్రంగా రుద్దుతారు. తెల్లటి నురగ వస్తుంది. తుడుస్తారు. మళ్లీ రుద్దుతారు. "చేదు దిగుతోంది, చూడు" అని దొంగను పట్టించినట్టు నాకు చూపిస్తారు. రెండు కాయలకు పావుగంట. ఆ పావుగంటా వంటగట్టు ఆయనది, కత్తిపీట ఆయనది, కుళాయి ఆయనది. నేను ఆఫీసుకు క్యారియరు సర్దుకోవాలంటే చంకలో గిన్నె పెట్టుకుని నిలబడాలి. పోనీ అయ్యాక తుడుస్తారా అంటే, గట్టు మీద నురగ ఎండి చారికలు కడుతుంది. ఉప్పు డబ్బా మూత ఎప్పుడూ వేరే గదిలో దొరుకుతుంది. ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఆ నురగకూ చేదుకూ సంబంధం లేదని ఎన్నిసార్లు చెప్పానో. చేదుకు కుకుర్బిటసిన్ అనే పదార్థం కారణం, పురుగులు తినకుండా మొక్క తయారుచేసుకునే మందు అది. తొడిమ దగ్గరా, తొక్క కిందా ఎక్కువగా ఉంటుంది. అక్కడ అంగుళం కోసి పారేసి చెక్కు తీస్తే చాలు. ఇప్పటి సంకర రకాల్లో చేదు చాలావరకు లేకుండానే చేశారు కూడా. ఇదంతా చెబితే నాన్నగారు ఓపికగా విని, "సరే, ఆ ఉప్పు ఇలా ఇవ్వు" అంటారు.

ఈరోజు ఆయన కునుకు తీస్తున్న సమయం చూసి, రుద్దకుండా చకచకా తరిగేశాను. విషం. నాన్నగారు ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ఆగారు. తర్వాత కీర ముక్కల్ని ఒక్కొక్కటే ఏరి కంచం అంచున వరుసగా పేర్చారు. పప్పూ మామిడీ తిన్నారు. లేచి చేయి కడుక్కున్నారు. ఆవాలు రెండెక్కువైతే రెండు రోజులు చెప్పుకునే మనిషి ఒక్క మాట అనలేదు! "నేను చెప్పలేదా" అంటే నా దగ్గర సమాధానం సిద్ధంగా ఉంది. అనలేదు. నేను పౌరుషానికి పోయి నాలుగు ముద్దలు నమిలాను. అంత చేదున్న కాయ తింటే కడుపు పాడవుతుందని తెలిసి కూడా. తర్వాత గిన్నె మొత్తం చెత్తలో పారబోశాను.

సాయంత్రమంతా ఆ నాలుగు మాటలూ నాలో నేనే అనుకుంటూ తిరిగాను. రుద్దినా ఆ చేదు పోయేది కాదు, కాయంతా చేదే కదా! బండి మీద కొన్న నాటు కాయలు. నీళ్లు చాలక ఎండ దెబ్బ తిన్న తీగకు కాసినవై ఉంటాయి, అలాంటి కాయల్లో చేదు పెరుగుతుంది. కాబట్టి నా మాటే నిజం. ఇదే రాద్దామని కూర్చున్నాను.

రాస్తుంటే ఇంకొకటి గుర్తొచ్చింది. నురగ తీశాక నాన్నగారు కాగితమంత పల్చటి ముక్క ఒకటి కోసి నోట్లో వేసుకుంటారు. చిరుతిండి అనుకునేవాణ్ణి. నాయనమ్మ కూడా పప్పులోకి పచ్చ దోసకాయ కోస్తే ఒక గింజ నోట్లో వేసుకోనిదే ముక్కలు గిన్నెలో వేసేది కాదు. ఒక్క చేదు కాయ పడితే ఆ పూట పప్పంతా గేదెకే.

1983 వేసవి. నాకు ఎనిమిదేళ్లు. గుంటూరు నుంచి మాచర్ల వెళ్లే ఎర్ర బస్సు. కిటికీ ఊచ పట్టుకుంటే చేయి కాలేది. సత్తెనపల్లి బస్టాండులో తడి గోనె కప్పిన తట్టతో ఒకామె కిటికీ కింద నిలబడింది. కాయను నిలువుగా నాలుగు చీలికలు చేసి, విడిపోకుండా పువ్వులా పట్టుకుని, మధ్యలో ఉప్పూకారం పూసి ఇచ్చేది. నాన్నగారు ఒక్కటే కొన్నారు. తొడిమ వైపు తుంచి తను తిని, మిగతాది నా చేతిలో పెట్టారు. ఉప్పూకారమంతా ఆ కొసకే ఉందని నా గట్టి నమ్మకం. పిడుగురాళ్ల దాకా ఏడ్చాను. ఆ తర్వాత ఎన్ని కాయలు కొన్నా ఆ కొస ఆయనదే, ఆ ఏడుపు నాదే. నలభై ఏళ్లుగా దీన్ని ఆయన ఖాతాలో రాసి ఉంచాను. అంటే ఆయన కూడా నాయనమ్మ లాగే రుచి చూసి ఇచ్చేవారా?

ఇక్కడిదాకా టైపు చేసి మంచినీళ్లకని లేచాను. ఫ్రిజ్‌లో అదే బండి కాయలు ఇంకా మూడున్నాయి. ఒకదాని తొడిమ కోసి నాలుక మీద పెట్టుకున్నాను. చేదు లేదు. కత్తి చప్పుడుకు నాన్నగారు లేచి వచ్చారు. సత్తెనపల్లి సంగతి అడిగాను. కాసేపు ఆలోచించి, "ఆకలి వేసి తిన్నానురా" అన్నారు.

సగం కాయ తీసుకుని కుర్చీలో కూర్చున్నారు. కొరకబోతూ ఆగి, "నురగ తీశావా?" అని అడిగారు.

తీశానన్నాను.