న్యూజెర్సీ గవర్నర్ ఎన్నిక: జూన్ ప్రైమరీ నుంచి నవంబర్ దాకా నా అనుభవం

పౌరసత్వం వచ్చాక నేను వేసిన మొదటి ఓటు 2024 అధ్యక్ష ఎన్నికది. దాంట్లో బుర్ర పెట్టాల్సిన పనేం పడలేదు, ఇద్దరి గురించీ ఏళ్ల తరబడి వింటూనే ఉన్నాం కదా. 2025లో న్యూజెర్సీ గవర్నర్ ఎన్నికప్పుడే ఓటు వేయడం ఇంత పనా అనిపించింది, అది కూడా నవంబర్‌లో కాదు, జూన్‌లో. మా మిడిల్‌సెక్స్ కౌంటీలో, ఎడిసన్ చుట్టుపక్కల, తెలుగువాళ్లం బోలెడంతమందిమి ఉన్నాం. ఆంధ్రలో ఓట్ల లెక్కింపు ఉందంటే రాత్రంతా టీవీ ముందు నుంచి లేవం, ఏ నియోజకవర్గంలో ఎవరికి ఎంత మెజారిటీయో నోటికి చెప్తాం. కానీ జూన్ 10న ఇక్కడ ప్రైమరీ, అంటే పార్టీ అభ్యర్థి ఎవరో ఓటర్లే తేల్చే ఎన్నిక, ఉందని మా గ్రూపులో చాలామందికి తెలియదు. తెలిసినవాళ్లు కూడా "అది పార్టీ వాళ్ల గోల, మనకెందుకు, నవంబర్‌లో వేద్దాం" అన్నారు.

అధ్యక్ష ఎన్నికలైన మరుసటి ఏడాదే గవర్నర్‌ని ఎన్నుకునే రాష్ట్రాలు రెండే: న్యూజెర్సీ, వర్జీనియా. ఇక్కడ అప్పటి గవర్నర్, డెమోక్రాట్ ఫిల్ మర్ఫీ వరసగా రెండు టర్ములు చేసేశాడు, వెంటనే మూడోసారి నిలబడటానికి రాష్ట్ర రాజ్యాంగం ఒప్పుకోదు, అంటే సీటు ఖాళీ. సీటు ఖాళీ అంటే తెలుసుగా, డెమోక్రాట్లలో ఆరుగురు దిగారు: కాంగ్రెస్ సభ్యులు మైకీ షెరిల్, జాష్ గాట్‌హైమర్, న్యూఆర్క్ మేయర్ రాస్ బరాకా, జెర్సీ సిటీ మేయర్ స్టీవెన్ ఫులప్, టీచర్ల యూనియన్ అధ్యక్షుడు షాన్ స్పిల్లర్, రాష్ట్ర సెనేట్ మాజీ అధ్యక్షుడు స్టీవ్ స్వీనీ. రిపబ్లికన్లలో జాక్ చిటరెల్లి ముందున్నాడు, 2021లో మర్ఫీ చేతిలో మూడు శాతం తేడాతో ఓడినవాడే. రేడియోలో మాట్లాడే బిల్ స్పేడియా, ట్రంప్‌ని విమర్శించే రాష్ట్ర సెనేటర్ జాన్ బ్రామ్నిక్ అతని మీద నిలబడ్డారు. మే నెలలో ట్రంప్ చిటరెల్లికి మద్దతు ప్రకటించడంతో అటువైపు కథ దాదాపు ముగిసిపోయింది.

తెనాలిలో ఉన్న నాన్నకి ఫోన్లో ఇదంతా చెప్తుంటే, "ఏరా, ఒకే పార్టీలో ఆరుగురేంటి, టికెట్టు ఎవరికిచ్చారో అది చెప్పు" అన్నాడు. టికెట్టు ఎవరూ ఇవ్వరు నాన్నా, జనమే ఓటేసి ఇస్తారు అంటే నమ్మలేదు. ఆయన అనుమానం పూర్తిగా తప్పు కూడా కాదు, ఎందుకంటే న్యూజెర్సీలో మొన్నమొన్నటిదాకా అలాంటి తంతే నడిచింది. ఒక్కో కౌంటీలో పార్టీ పెద్దలు తమకి నచ్చినవాళ్లందర్నీ బ్యాలెట్ మీద ఒకే వరసలో, పై నుంచి కింద దాకా చక్కగా పేర్చి పెట్టేవాళ్లు, కౌంటీ లైన్ అనేవాళ్లు దాన్ని. ఆ వరసలో లేనివాడి పేరు ఎక్కడో మూలన, వెతికితే గానీ కనబడకుండా ఉండేది. బీ-ఫారం హైకమాండ్ చేతిలో ఉన్నట్టే, కాకపోతే ఇక్కడ ఓటింగ్ అనే ముసుగు ఉండేది. అప్పటి కాంగ్రెస్ సభ్యుడు ఆండీ కిమ్ అమెరికా సెనేట్‌కి పోటీ చేస్తూ దీని మీద కోర్టుకెళ్లాడు, 2024 మార్చిలో ఫెడరల్ జడ్జి జాహిద్ ఖురేషీ డెమోక్రాట్ బ్యాలెట్ మీద ఆ లైన్ వాడొద్దని ఆదేశించాడు, ఆ తర్వాత రాష్ట్ర చట్టమే మారింది. అలా లైన్ లేకుండా జరిగిన మొదటి గవర్నర్ ప్రైమరీ 2025లోదే, ఆరుగురి పేర్లూ ఒకే గడిలో, ఒకరి కింద ఒకరు. నాన్నకి ఈ ముక్క మాత్రం బాగా ఎక్కింది, కోర్టుకెళ్లినవాడికి చివరికి సీటొచ్చిందా లేదా అని అడిగాడు. వచ్చింది, 2024 నవంబర్లోనే సెనేటర్‌గా గెలిచాడు.

ఓటరుగా నమోదయ్యే ఫారంలో పార్టీ అనే గడి నేను ఖాళీగా వదిలేశాను. న్యూజెర్సీలో అలా ఏ పార్టీకీ చెందని ఓటర్లు 20 లక్షలకు పైగానే ఉన్నారు, మనవాళ్లలో చాలామంది ఆ లెక్కలోనే ఉంటారని నా అంచనా. మనలాంటివాళ్లు ప్రైమరీలో ఓటేయలేరని ఒక మాట బాగా తిరుగుతుంది, అది నిజం కాదు. పోలింగ్ కేంద్రానికెళ్లి అక్కడికక్కడే ఏదో ఒక పార్టీ చెప్పి వేయొచ్చు. పోస్టులో వేసేవాళ్లకే చిక్కు, ముందుగా పార్టీ రాసివ్వకపోతే ప్రైమరీ బ్యాలెట్ ఇంటికి రాదు. ఇప్పటికే ఒక పార్టీలో ఉండి రెండోదానికి మారాలనుకునేవాళ్లకి గడువు ఇంకా ముందే, ప్రైమరీకి 55 రోజుల ముందు ముగిసిపోతుంది.

ఆరుగురిలో ఎవరికి వేయాలన్నదే అసలు తలనొప్పి. విధానాల్లో తేడా పెద్దగా లేదు, అందరూ ట్రంప్‌ని ఎదిరిస్తామనేవాళ్లే, అందరూ ఖర్చులు తగ్గిస్తామనేవాళ్లే. నేను రోజూ రైల్లో మన్‌హాటన్ వెళ్తాను, మే మధ్యలో ఎన్‌జే ట్రాన్సిట్ రైలు డ్రైవర్లు సమ్మెకి దిగడంతో రైళ్లు ఆగిపోయాయి, ఇంట్లో కూర్చుని పని చేస్తూ రైళ్ల గురించి ఎవరేం చెప్పారో డిబేట్ వీడియోలు వెతికి చూశాను. అదే నెలలో బరాకా న్యూఆర్క్‌లోని డెలానీ హాల్ అనే వలసదారుల నిర్బంధ కేంద్రం దగ్గర అరెస్టయ్యాడు, కేసు తర్వాత ఎత్తేశారు గానీ ఆ వారమంతా వార్తల్లో ఆయనే. షెరిల్ నేవీలో హెలికాప్టర్ పైలట్‌గా చేసింది, ఏ ప్రకటన చూసినా హెలికాప్టరే. లైన్ పోయినా చాలా కౌంటీల పార్టీ పెద్దలు ఆమె వెనకే ఉన్నారు, నాకు అదే కాస్త గుచ్చుకుంది.

జూన్ 10 పొద్దున్నే ఆఫీసుకెళ్లేముందు స్కూలు జిమ్‌లో ఉన్న మా పోలింగ్ కేంద్రానికి నేనూ మా ఆవిడా వెళ్లాం. క్యూ అంటూ ఏమీ లేదు. టేబుల్ వెనక డెబ్బై ఏళ్ల పెద్దావిడ, కళ్లజోడు ముక్కు చివరికి జారి ఉంది, పేరు వెతికి, నా ఇంటిపేరు మూడు రకాలుగా పలికి, గట్టిగా అడిగింది: "ఏ పార్టీ?" నేను ఒక్క క్షణం అటూ ఇటూ చూశాను. మన ఊళ్లో ఓటెవరికని సొంత బావమరిది అడిగినా నవ్వి ఊరుకునే అలవాటు, ఇక్కడ వెనక మనుషులు నిలబడి ఉండగా పేరు పెట్టి చెప్పాలి. డెమోక్రాట్ అన్నాను, పోటీ అటే ఉంది కాబట్టి. కాగితం మీద సంతకం చేయించుకుంది. పక్కన మా ఆవిడ, ఆస్తిపన్ను మీద కోపంతో, రిపబ్లికన్ అంది. పెద్దావిడ ఇద్దర్నీ చూసి నవ్వి "ఇంటికెళ్లాక కొట్టుకోకండి" అంది.

ఫలితం: షెరిల్ 34 శాతంతో గెలిచింది, బరాకా 20 దాటి రెండో స్థానం. ఇక్కడ సగం దాటకపోతే మళ్లీ పోలింగ్ పెట్టడం లాంటిదేం లేదు, ఎక్కువొచ్చినవాళ్లదే టికెట్టు. అటు చిటరెల్లి మూడింట రెండొంతుల ఓట్లతో నెగ్గాడు. నేను వేసింది గెలిచినవాళ్లకి కాదు, అంతవరకే చెప్తాను.

ప్రైమరీలో చెప్పిన పార్టీ మన పేరు పక్కన అలాగే ఉండిపోతుంది, కాగితమిచ్చి మార్చుకునేదాకా. ఆ జాబితా బయటవాళ్లకీ దొరుకుతుంది కాబట్టి వేసవంతా మా ఇంటికి రెండు పార్టీల కరపత్రాలూ వచ్చాయి, మెసేజ్‌లయితే చెప్పక్కర్లేదు. వాటిలో ఎక్కువ కరెంటు బిల్లు గురించే. జూన్ నుంచి న్యూజెర్సీలో కరెంటు రేట్లు 17 నుంచి 20 శాతం దాకా పెరిగాయి, పదమూడు రాష్ట్రాల గ్రిడ్ నడిపే పీజేఎం వేలంలో ధర ఒక్కసారిగా ఎగిరిపడటం దానికి ముఖ్య కారణం. జులై బిల్లు చూసి మా ఆవిడ ఏసీ రిమోట్ తన దగ్గర పెట్టేసుకుంది. గవర్నర్‌గా మొదటి రోజే అత్యవసర పరిస్థితి ప్రకటించి రేట్లు పెరగకుండా ఆపేస్తానని షెరిల్, ఇదంతా డెమోక్రాట్ల ఇంధన విధానం తెచ్చిన తంటా, కార్బన్ ఒప్పందం రెగ్గీ నుంచి బయటికొచ్చేస్తానని చిటరెల్లి. ఆస్తిపన్ను సంగతికొస్తే రాష్ట్ర సగటే ఏడాదికి 10,000 డాలర్లు దాటింది, దేశంలోనే ఎక్కువ. అక్కడ చిటరెల్లి మాటకి మా వీధిలో గిరాకీ ఉండేది.

కానీ మనవాళ్లలో గాలి మారింది సెప్టెంబర్ 19న. ఆ శుక్రవారం హెచ్‌1బీ మీద లక్ష డాలర్ల ఫీజు ప్రకటన వచ్చింది. ఆ రాత్రి మా గ్రూపులో ఒకటే టెన్షన్, ఇండియా వెళ్లినవాళ్లు పెళ్లిళ్లు వదిలేసి టికెట్లు వెతుక్కున్నారు. వీసాలతో గవర్నర్‌కి ఏ సంబంధమూ లేదు, వీసా ఉన్నవాడికి ఓటూ లేదు, కానీ ఓటున్న అన్నావదినలు ఉన్నారుగా. అక్టోబర్లో హడ్సన్ నది కింద కట్టే గేట్‌వే సొరంగం రద్దయిందని ట్రంప్ అనడం, నాలాంటి రైలు జనానికి రెండో దెబ్బ. డిబేట్లలో మాత్రం ఇవన్నీ వదిలేసి షెరిల్ నేవీ రికార్డులు, చిటరెల్లి పాత వ్యాపారం అంటూ ఒకరి మీద ఒకరు పడ్డారు, న్యూ బ్రన్స్‌విక్ డిబేట్ నేను సగంలో ఆపేశాను.

ఇంటికొచ్చిన శాంపిల్ బ్యాలెట్ ఇంగ్లిష్, స్పానిష్, గుజరాతీలో ఉంది. గవర్నర్, లెఫ్టినెంట్ గవర్నర్ జంటగా ఒకే ఓటు, ఆ కింద అసెంబ్లీకి ఇద్దరు, కౌంటీ వాళ్లు, టౌన్‌షిప్ వాళ్లు. ఆ కింది పేర్లు చూసుకోవడానికి ఒక సాయంత్రం పట్టింది. మేం అక్టోబర్ 25న మొదలైన ముందస్తు ఓటింగ్‌లో వేసేశాం, అప్పుడైతే కౌంటీలో ఏ కేంద్రానికైనా వెళ్లొచ్చు, నవంబర్ 4న మాత్రం మన కేంద్రానికే పోవాలి. ఈసారి క్యూ పార్కింగ్ దాకా ఉంది. టాబ్లెట్ మీద సంతకం పెట్టాను, ఏ పార్టీ అని ఎవరూ అడగలేదు.

పోలింగ్ రోజు పొద్దున కొన్ని కౌంటీల్లో బాంబు బెదిరింపు ఈమెయిళ్లు వచ్చి కాసేపు గందరగోళమైంది, ఉత్తుత్తివేనని తేలింది. పోటాపోటీ అన్న సర్వేలు చూసి రాత్రంతా కూర్చోవాలేమో అనుకున్నాం, పది కొట్టకముందే షెరిల్ గెలిచిందని ప్రకటించేశారు. తేడా 14 శాతం పైనే. ఒకే పార్టీ వరసగా మూడోసారి గవర్నర్ పదవి గెలవడం 1961 తర్వాత ఇక్కడ ఇదే మొదలట. అదే రాత్రి వర్జీనియాలో లెఫ్టినెంట్ గవర్నర్‌గా గెలిచిన గజాలా హష్మీ హైదరాబాద్‌లో పుట్టిందని తెలిసి మా గ్రూపంతా అటే తిరిగింది.

నవంబర్లో వేసిన ఓట్లు 30 లక్షలు దాటాయి. జూన్‌లో ఆరుగురిలో ఒకరిని తేల్చింది మాత్రం దాదాపు ఎనిమిదిన్నర లక్షలమందే. ఇప్పుడు మా ఆవిడ పోల్ వర్కర్‌గా పేరిచ్చింది, రోజుకి 300 డాలర్లిస్తారు, తెల్లారకముందే వెళ్లి రాత్రిదాకా ఉండాలి. తన టేబుల్ దగ్గర అయినా మన ఇంటిపేర్లు సరిగ్గా పలుకుతానంటోంది.