వాడిన స్నోమొబైల్ అమ్మి కోర్టు మెట్లెక్కాను: నా అనుభవం

తీర్పు కాగితం నిన్న మధ్యాహ్నం పోస్టులో వచ్చింది. చాలా రోజుల తర్వాత రాత్రి కంటినిండా నిద్రపోయాను. అమెరికాలో మంచు బాగా పడే రాష్ట్రాల్లో ఉన్న మనవాళ్లు చాలామంది స్నోమొబైల్ (వెనక చక్రాలకి బదులు ట్రాక్ అనే వెడల్పాటి రబ్బరు పట్టీతో మంచు మీద నడిచే బండి) కొని, రెండు మూడు చలికాలాలు నడిపి, ఆ తర్వాత అమ్మేస్తుంటారు. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

నాది రెండు సిలిండర్ల టూ-స్ట్రోక్ బండి, లిక్విడ్ కూలింగ్. నాలుగు చలికాలాలు నడిపాను. అమ్మకం దగ్గర ఏ చిక్కూ రాలేదు. కొనే ఆయన వచ్చి, చల్లగా ఉన్న ఇంజిన్ని తనే తాడు లాగి స్టార్ట్ చేశాడు, కంప్రెషన్ కొలుచుకున్నాడు, అరగంట తిప్పి చూశాడు. బిల్ ఆఫ్ సేల్ (అమ్మకపు కాగితం) మీద 'ఉన్నది ఉన్నట్టుగా' అని రాసుకుని ఇద్దరం సంతకాలు చేశాం. రిజిస్ట్రేషన్ కూడా ఆయన పేరుకి మారింది.

ఐదు వారాలకి ఫోన్ వచ్చింది. ఇంజిన్ పట్టేసిందట. నాకు ముందే తెలిసి అంటగట్టానట, డబ్బు వెనక్కివ్వాలట. నేను ఇవ్వనన్నాను. ఇంకో మూడు వారాలకి స్మాల్ క్లెయిమ్స్ కోర్టు (చిన్న మొత్తాల తగాదాలు చూసే కోర్టు) నోటీసు ఇంటికొచ్చింది.

అప్పుడు కూర్చుని చట్టం చదివాను. లూసియానా తప్ప మిగతా రాష్ట్రాలన్నిటిలోనూ వస్తువుల అమ్మకాలకి యూనిఫాం కమర్షియల్ కోడ్‌లోని ఆర్టికల్ 2 వర్తిస్తుంది. సరుకు మామూలు వాడకానికి పనికొచ్చేలా ఉండాలి అనే హామీ, ఎవరూ నోటితో చెప్పకపోయినా ఉన్నట్టే లెక్క. 2-314 సెక్షన్ చెప్పేది అదే. అయితే ఆ హామీ అలాంటి సరుకుతో వ్యాపారం చేసేవాడికి మాత్రమే. ఇంట్లో వాడుకున్నది అమ్ముకునేవాడికి అది అంటదు. లోపం తెలిసి దాచిపెడితే అది మోసం, వేరే కథ. నేనేమీ దాచలేదు, కాబట్టి ధైర్యంగా వెళ్లాను.

ఆ ధైర్యం పది నిమిషాలు కూడా నిలవలేదు.

జడ్జి ముందుకు పంపే ముందు ఒక చిన్న గదిలో రాజీ కుదిర్చే మీడియేటర్ దగ్గర కూర్చోబెట్టారు. ఆవిడ కాగితాలు తిరగేసి, తల ఎత్తకుండానే "ఏడాదికి ఎన్ని అమ్ముతుంటావు?" అని అడిగింది. నాకు అర్థం కాలేదు. కొన్నాయన రెండు ప్రింట్లు బల్ల మీద పెట్టాడు. రెండూ నా పేరుతో, ఒకే నెలలో పెట్టిన స్నోమొబైల్ యాడ్లు. ఒకటి నాది. రెండోది నా స్నేహితుడిది. వాడు ఊళ్లో లేడని, నా అకౌంట్ నుంచే పెట్టి పెట్టాను. ఆ రెండిటినీ చూపించి, నేను వ్యాపారినని ఆయన వాదన. అదే నిలబడితే 2-314 నాకూ వర్తిస్తుంది. "ఎంతోకొంత ఇచ్చి సర్దుకోవడం నీకే మంచిది" అని ఆవిడ నాకే చెప్పింది. నా మాట పూర్తిగా వినకుండా! ఆ గదిలో అలసటకో భయానికో డబ్బు ఒప్పుకుని సంతకం పెట్టేవాళ్లు ఎందరుంటారో అని ఇప్పటికీ నాకు కోపంగానే ఉంది. మీరు మాత్రం తొందరపడి పెట్టకండి.

హాల్లోకి వెళ్లాం. ఇరవై మంది దాకా తమ వంతు కోసం కూర్చుని ఉన్నారు. రెండో బండి నీది కాదనడానికి కాగితం ఏదని జడ్జి అడిగారు. నా దగ్గర లేదు. వాయిదా ఇచ్చారు. బయటికొచ్చి స్నేహితుడికి ఫోన్ చేస్తే, "నన్నిందులోకి లాగకురా" అన్నాడు. పదేళ్ల పరిచయం మాది. వాడి పెళ్లిలో పనులన్నీ నేనే చూసుకున్నాను. చివరికి వాళ్లావిడ, చెల్లెల్లాంటిది, పాత రిజిస్ట్రేషన్ కాగితం ఫొటో తీసి పంపింది. ఆ అమ్మాయికి రుణపడి ఉంటాను. స్నేహితుల సరుకు మీ పేరుతో అమ్మిపెట్టకండి, ఎంత దగ్గరివాళ్లయినా సరే.

రెండోసారి వెళ్లినప్పుడు నేను వ్యాపారినన్న వాదన ఐదు నిమిషాల్లో వీగిపోయింది. గండం గడిచిందనుకున్నాను. అప్పుడు కొన్నాయన తన ఫోన్ జడ్జికి అందించాడు. జడ్జి యాడ్‌ని ఒక్కో వాక్యం చదివారు: రెండు సిలిండర్లు, ట్రాక్ బాగుంది, స్పేర్ బెల్టు ఇస్తాను. తర్వాత మెసేజీలు తెరిచి, నేను రాసిన ఒక వాక్యాన్ని నన్నే పైకి చదవమన్నారు.

"ఈ సీజనంతా ఏ దిగులూ లేకుండా నడుస్తుంది, హామీ నాది."

అంతమంది ముందు నిలబడి చదివాను. గొంతు పెగల్లేదు. రాసినప్పుడు మంచి మనసుతోనే రాశాను, బండి మీద నాకంత నమ్మకం. కానీ అదే కోడ్‌లోని 2-313 సెక్షన్ ప్రకారం, బేరం కుదరడానికి కారణమైన మాట ఏదైనా హామీయే. అలా మాట ఇచ్చినవాడు వ్యాపారి కానక్కర్లేదు. 'మంచి బండి' అంటే అభిప్రాయం. 'ఇంతకాలం నడుస్తుంది' అంటే మాట ఇచ్చినట్టు. 'ఉన్నది ఉన్నట్టుగా' అని రాసుకున్నాంగా అన్నాను. ఆ రాత చెప్పని హామీలనే తీసేస్తుంది, చెప్పి ఇచ్చిన మాటని కొట్టెయ్యదు అన్నారు జడ్జి. వెనక ఎవరో గుసగుసలాడుకోవడం వినిపించింది. మా ఆవిడ మూడో వరసలో కూర్చుని ఉంది, అటు తిరగడానికి నాకు ముఖం చెల్లలేదు.

కాస్త కిందికి జరిపి చూడమని నేనే అడిగాను. రెండు మెసేజీల కింద నేను రాసింది ఉంది: "మంచు లేని చోట ఎక్కువసేపు నడపకు, వేడెక్కుతుంది."

కార్లలో ఉండే పెద్ద రేడియేటర్ లాంటిది ఈ బండికి లేదు. సీటు కింద టన్నెల్లో (ట్రాక్ తిరిగే సొరంగం లాంటి చోట) ఉండే అల్యూమినియం పలకల్లో కూలెంట్ తిరుగుతుంది. ట్రాక్ ఎగజిమ్మే మంచు వాటికి తగిలితేనే అది చల్లారుతుంది. ట్రాక్ లోపలి పట్టాలకి ప్లాస్టిక్ స్లైడ్లు ఉంటాయి. రాపిడికి కరగకుండా వాటికి తడి ఇచ్చేది కూడా ఆ మంచే. నున్నటి ఐసు మీద ఎగరడానికి మంచు ఉండదు. అందుకే ఐసుని గీరి మంచు రేపే స్క్రాచర్లు బిగిస్తారు. నా బండికి అవి లేవని ఆయనకి ముందే చెప్పాను.

"ఆగిపోయిన రోజు ఎక్కడ నడిపావు?" అని జడ్జి అడిగారు. గడ్డకట్టిన సరస్సు మీద, గంటకి పైగా, అన్నాడాయన. ఆయన మెకానిక్ రిపోర్టులోనే స్లైడ్లు కరిగిపోయాయని ఉంది. అమ్మిన రోజు ట్రాక్ చూపించడానికి బండిని పక్కకి వాల్చినప్పుడు మా ఆవిడ తీసిన ఫొటోలో అవే స్లైడ్లు నిండుగా ఉన్నాయి. ఆ ఫొటో ఎందుకని అప్పుడు నేను విసుక్కున్నాను. మీరు అమ్మేటప్పుడు బండిని వాల్చి, అడుగు భాగాన్ని తప్పకుండా ఫొటో తియ్యండి.

నేను ఇచ్చినది హామీయేనని తీర్పులో రాశారు. అయితే ఇంజిన్ పోయింది వేడెక్కడం వల్ల, బండిలో ముందునుంచీ ఉన్న లోపం వల్ల కాదు అని కేసు కొట్టేశారు.

ఈ పొద్దున గ్యారేజీ సర్దుతుంటే అల్మరా వెనక కొత్త డ్రైవ్ బెల్టు దొరికింది, కవర్ కూడా చింపలేదు. యాడ్‌లో ఇస్తానన్న స్పేర్ బెల్టు అదే. ఆ రోజు ఇవ్వడం మర్చిపోయాను. ఆయనా అడగలేదు, కోర్టులో కూడా ఎవరూ దాని మాట ఎత్తలేదు. కాగితంలో చుట్టి ఆయన అడ్రసు రాశాను. మధ్యాహ్నం పోస్టాఫీసుకి వెళ్తాను.