నక్కకి నీతి ఎందుకు, ఊళ ఉంటే చాలదూ?

పిల్లల కథ అయిపోగానే ఒక గీత గీసి, దాని కింద లావు అక్షరాలతో "నీతి:" అని వేసే అలవాటు మన పుస్తకాలవాళ్ళకి ఎవరు నేర్పారో గానీ, పకపకా నవ్వుతున్న పిల్లలు ఆ గీత దగ్గరికి రాగానే సర్దుకుని కూర్చోవడం నేను చాలాసార్లు చూశాను. ఇప్పుడు ఈవిడ ఏదో ప్రశ్న అడుగుతుంది అన్న టెన్షన్ మొదలవుతుంది వాళ్ళకి. అప్పటిదాకా కథ, అక్కణ్ణుంచి క్లాసు.

శనివారం సాయంత్రాలు మా అపార్ట్‌మెంట్ సెల్లార్లో, కార్ల మధ్య ఖాళీ జాగాలో రెండు చాపలు పరిచి పిల్లలకి కథల పుస్తకాలు చదువుతుంటాను (టెర్రస్ మీద అయితే గాలి ఆడుతుంది గానీ బెజవాడ ఎండకి ఆ గచ్చు రాత్రి ఎనిమిదింటికి కూడా కాలుతూనే ఉంటుంది). నాలుగేళ్ళవాళ్ళూ ఉంటారు, పదేళ్ళవాళ్ళూ ఉంటారు. రాజకుమారి కథ తీస్తే పెద్ద మగపిల్లలు లేచి సైకిళ్ళ దగ్గరికి పోతారు, రాక్షసుడి కథ తీస్తే చిన్నవాళ్ళు నా ఒళ్ళోకి ఎక్కుతారు, అందరినీ ఒకేచోట కూర్చోబెట్టేవి మాత్రం జంతువుల కథలు, అందులోనూ నవ్వొచ్చేవి. అందుకని ఇలాంటి పుస్తకాలు కొని కొని ఒక అభిప్రాయం ఏర్పడిపోయింది నాకు, అది ఇక్కడ రాసేస్తున్నాను, ఒప్పుకోకపోయినా పర్వాలేదు.

జంతువు ఉన్నంత మాత్రాన జంతువుల కథ అయిపోదు. కుందేలు పొద్దున్నే లేస్తుంది, పళ్ళు తోముకుంటుంది, బడికి వెళ్తుంది, హోంవర్క్ చెయ్యకుండా అబద్ధం చెప్తుంది, సాయంత్రం అమ్మకి సారీ చెప్తుంది. ఇలాంటివి నా దగ్గర ఒక అట్టపెట్టె నిండా ఉన్నాయి. అందులో కుందేలు తీసేసి చింటూ అని పెట్టండి, ఒక్క వాక్యం మార్చక్కర్లేదు. చెవులు అతికించిన పిల్లాడు వాడు, అంతే. పిల్లలు దీన్ని ఇట్టే పసిగడతారు, రెండో పేజీకే మా వాడు కారు టైరు గీకుతూ కూర్చుంటాడు. నవ్వు ఎక్కడ పుడుతుందంటే, జంతువు మనిషి వేషాలు వేస్తూ వేస్తూ ఉండగా దాని అసలు బుద్ధి మధ్యలో బయటపడిపోయినప్పుడు.

దీనికి నీలం రంగు నక్కని మించిన ఉదాహరణ నాకు దొరకలేదు. ఊళ్ళోకి వచ్చి, కుక్కలు తరిమితే చాకలి ఇంట్లో నీలిమందు తొట్టిలో పడుతుంది, అడవికి పోతే సింహాలతో సహా అందరూ అదేదో కొత్త దేవుడనుకుని దండాలు పెడతారు, తను రాజై కూర్చుంటుంది, తన జాతి నక్కల్నే అడవిలోంచి వెళ్ళగొట్టిస్తుంది. అన్నీ బాగానే ఉన్నాయి. ఒక రాత్రి దూరంగా నక్కలు ఊళ వేస్తాయి. ఇక్కడ నేను చదవడం ఆపేస్తాను. ఏమీ చెయ్యను, గొంతు సవరించుకుంటాను, మెడ కొంచెం పైకెత్తుతాను, పెదాలు బిగించి ఆపుకుంటున్నట్టు మొహం పెడతాను. ఈలోపే వెనక వరుసలో ఎవడో "ఊఁ..." అని మొదలెడతాడు, పది సెకన్లలో సెల్లారంతా ఊళలే, పై ఫ్లోర్లలోంచి కుక్కలు మొరుగుతాయి, సెక్రటరీ గారు ఫోన్ చేస్తారు. ఇంత జరిగాక "నీతి: మోసం ఎప్పటికైనా బయటపడుతుంది" అని చదవమంటే నా వల్ల కాదు. పైగా ఆ నక్క దొరికిపోయింది మోసం వల్ల కూడా కాదు, ఊళ వెయ్యకుండా ఉండలేకపోవడం వల్ల. పిల్లలకి అది తెలుసు, అన్నం తింటూ కాళ్ళు ఊపొద్దంటే ఊపకుండా ఉండలేనివాళ్ళు వాళ్ళు.

అసలు పంచతంత్రాన్ని నీతి కథలు అనే డబ్బాలో పెట్టి మూత వేసేశాం గానీ, ఆ పుస్తకం బుద్ధిమంతుల్ని తయారుచెయ్యడానికి పుట్టింది కాదు. మహిలారోప్యం ఏలే అమరశక్తి అనే రాజుకి చదువంటే గిట్టని కొడుకులు ముగ్గురు, వాళ్ళని ఆరు నెలల్లో దారికి తెస్తానని విష్ణుశర్మ ఒప్పుకుని చెప్పిన కథలవి. లోకంలో ఎలా నెగ్గుకురావాలి, ఎవణ్ణి నమ్మాలి, ఎవణ్ణి ఎలా బోల్తా కొట్టించాలి, అదీ అక్కడి సిలబస్. కరటకుడు, దమనకుడు అనే రెండు నక్కలు సింహానికీ ఎద్దుకీ మధ్య పెట్టే చిచ్చు చదివితే పిల్లల కథ అనిపించదు. మన తెలుగులో చిన్నయసూరి 1853లో నీతిచంద్రికగా మిత్రలాభం, మిత్రభేదం రాస్తే, అది తరతరాల పాటు పాఠ్యపుస్తకమైంది. ఆ వచనం అందం వేరే సంగతి, పరీక్షలో సంధులు విడదీస్తూ నక్కని చూసి నవ్వినవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని నా అనుమానం.

పిల్లల కోసం సర్దేటప్పుడు జరిగే మార్పుల్లో నాకు బాగా నచ్చింది కోతి, దుంగ కథలోది. గుడి కడుతున్న చోట వడ్రంగులు సగం చీల్చిన దుంగలో చీల దిగ్గొట్టి అన్నానికి వెళ్తారు, కోతి వచ్చి ఆ దుంగ మీద కూర్చుని చీల ఊడబీకుతుంది, దుంగ టప్పున మూసుకుంటుంది. మన పుస్తకాలన్నిట్లో తోక ఇరుక్కుంటుంది. సంస్కృతంలో ఇరుక్కున్నది తోక కాదండీ. ఏమిటో మీరే ఊహించుకోండి, కోతి ఎలా కూర్చుంటుందో గుర్తు తెచ్చుకుంటే చాలు. మొదట తోక అని మార్చిన మహానుభావుడెవరో గానీ ఆయనకి నా నమస్కారం, సెల్లార్లో చదివేది నేను కదా. చావులు కూడా ఇలాగే సర్దుతారు, నేనూ సర్దుతాను. నీలం నక్క నా దగ్గర తన్నులు తిని పారిపోతుంది, చావదు. తాబేలు మాత్రం కర్ర వదిలితే పడక తప్పదు. అది చదివేటప్పుడు పళ్ళ మధ్య పెన్సిల్ పెట్టుకుని తాబేలు మాటలు మాట్లాడి చూడండి, తుంపర్ల సంగతి మీరే చూసుకోవాలి.

ఇంకో రహస్యం మొసలి కథలో ఉంది. భార్యకి కోతి గుండెకాయ కావాలని మొసలి తన స్నేహితుణ్ణి వీపు మీద ఎక్కించుకుని నది మధ్యకి వచ్చాక సంగతి చెప్పేస్తుంది, కోతి ఏ మాత్రం తొణక్కుండా "అయ్యో, ముందే చెప్పకూడదా, గుండెకాయ చెట్టు మీద పెట్టి వచ్చానే" అంటుంది, మొసలి నమ్మి వెనక్కి తిరుగుతుంది. ఇన్ని వందల ఏళ్ళ తర్వాత కూడా ఈ మాటకి పిల్లలు పడీపడీ నవ్వుతారు. మూడో క్లాసు పాప ఒకతె లేచి, "ఆంటీ, గుండె లేకుండా కోతి ఇంతదూరం ఎలా వచ్చిందని మొసలి అడగలేదేంటి?" అంది. ఆ పాప గొంతులో ఉన్న గర్వం చూడాలి మీరు. ఇంట్లో, బళ్ళో రోజంతా "నీకు తెలీదు, ఊరుకో" అని వినేవాళ్ళకి, తమకంటే తెలివితక్కువవాడు ఒకడు దొరికాడు, వాడికి అంత పెద్ద నోరూ అన్ని పళ్ళూ ఉన్నాయి!

ఇక మన ఇళ్ళలో తిరిగే గొలుసు కథలు. ఏడు చేపల కథ తెలియని తెలుగువాళ్ళు ఉండరు కాబట్టి మళ్ళీ చెప్పను. దానికి వేదాంతం అంటగట్టే వాట్సాప్ మెసేజ్ ఒకటి తిరుగుతుంటుంది, రాజంటే ఎవరు, ఏడుగురు కొడుకులంటే ఏమిటి, ఎండని చేప దేనికి గుర్తు అని. మా పెద్దమ్మ నాకు మళ్ళీ మళ్ళీ పంపింది. పంపనివ్వండి. నాకు ఆ కథలో కనపడేది వేరు. చేప గడ్డిమేటు మీద తోస్తుంది, గడ్డిమేటు ఆవు మీద, ఆవు పాలేరు మీద, పాలేరు అవ్వ మీద, అవ్వ ఏడ్చిన పాప మీద, పాప చీమ మీద, ఇంతమందిలో ఒక్కరు కూడా తప్పు నాదే అనరు. చివరికి ఆ వేలెడంత కూడా లేని చీమ దగ్గరికి వచ్చేసరికి, "నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా?" అని ఎదురు తిరుగుతుంది. అవును కుట్టాను, అయితే ఏంటి అన్నట్టు. "నేను కాదు, వాడే" అని రోజూ చెప్పుకు బతికే పిల్లలకి ఆ చీమ హీరో కాక ఇంకేమవుతుంది?

అయితే ఇదే కథని పుస్తకంలో పెట్టినప్పుడు చాలామంది చంపేస్తారు. మొత్తం ప్రశ్నలూ జవాబులూ ఒకే పేజీలో, ఒకే పేరాలో కుక్కేసి, మూలన ఒక చేప బొమ్మ వేస్తారు. నోటితో చెప్పేటప్పుడు అమ్మమ్మలు ప్రశ్న అడిగి ఒక క్షణం ఆగుతారు కదా, పుస్తకంలో ఆ ఆగడం ఎక్కడుంటుంది అంటే పేజీ తిప్పడంలో ఉంటుంది. "ఆవూ ఆవూ, ఎందుకు మెయ్యలేదూ?" అన్నది కుడివైపు పేజీ చివర ఉండాలి, తిప్పితే నిండా ఆవు మొహం, నెమరు వేస్తూ, నాకేం సంబంధం అన్నట్టు. ఈ చిన్న సంగతి పట్టించుకున్న పుస్తకం పదహారు పేజీలే ఉన్నా, పట్టించుకోని నూటొక్క కథల గట్టి అట్ట పుస్తకం దాని ముందు దిగదుడుపే. ఈగ ఇల్లలుకుతూ పేరు మర్చిపోయిన కథ కూడా ఇలాగే వెయ్యాలి, గుర్రం కడుపులో పిల్ల నవ్వే పేజీ మాత్రం రెండు పేజీలు కలిపి ఒకే బొమ్మ.

బొమ్మల గురించి నాకు ఒక పాత కోపం ఉంది. మన పొలాల గట్ల మీద తిరిగే నక్క మట్టిరంగులో, బూడిద కలిసినట్టు ఉంటుంది, గుంటనక్క ఇంకా చిన్నది. పుస్తకాల్లో మాత్రం నక్క అనగానే నారింజ రంగు ఒళ్ళు, తెల్లటి తోక కొస. అది చలిదేశాల జంతువు, ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే బొమ్మ. తోడేలైతే ఏకంగా మంచులో నిలబడి ఉంటుంది. ఎండ్రకాయ, కొంగ కథలో కొంగకి ఎర్ర ముక్కు. మా పిల్లలు కొల్లేరు వెళ్ళొచ్చినవాళ్ళు, "ఇది మన కొంగ కాదు" అని పుస్తకం మూసేశారు. జంతువు సరిగ్గా ఉంటేనే దానికి పంచె కట్టినా కళ్ళజోడు పెట్టినా నవ్వొస్తుంది, అది ఏ జంతువో తెలియనప్పుడు ఇంక నవ్వేం వస్తుంది?

మంచివి లేవని కాదు. హైదరాబాద్ మంచి పుస్తకం వాళ్ళు పల్చటి పుస్తకాలు తక్కువ ధరలో వేస్తారు, ఒకప్పుడు మాస్కో నుంచి విశాలాంధ్ర షాపులకి వచ్చిన రష్యన్ పిల్లల కథలు కొన్ని కూడా వాళ్ళ దగ్గర మళ్ళీ దొరుకుతాయి. చెన్నైలోని తూలిక వాళ్ళ గజపతి కులపతిలో ఏనుగుకి జలుబు చేస్తుంది, తుమ్ముతుంది. అంతే కథ, ఇంకేం కావాలి? ప్రథమ్ బుక్స్ వాళ్ళు 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ అనే వెబ్‌సైట్‌లో తెలుగు కథలు ఉచితంగా చదువుకోవచ్చు, దింపుకోవచ్చు, నాలుగు స్థాయిలుగా ఉంటాయి కాబట్టి చిన్నవాళ్ళకి ఏది, పెద్దవాళ్ళకి ఏది అని వెతుక్కోవడం తేలిక. అక్కడ అనువాదాలు ఎక్కువ. కొన్ని హాయిగా సాగుతాయి, కొన్నిట్లో పిల్లి కూడా నోటీసు బోర్డు భాషలో మాట్లాడుతుంది. జనవరిలో పుస్తకాల పండగకి వెళ్ళినప్పుడు నేను చేసే పని ఒకటే, స్టాల్ ముందు నిలబడి రెండు పేజీలు పైకి చదువుతాను. నాలుక ఎక్కడైనా తట్టుకుందా, పుస్తకం మళ్ళీ బల్ల మీదికి వెళ్ళిపోతుంది. పక్కవాళ్ళు వింతగా చూస్తారు, ఒకసారి ఎవరిదో పాప వచ్చి "తర్వాత ఏమైంది?" అని నా చీర పట్టుకుని నిలబడింది, ఆ పుస్తకం వెంటనే కొనేశాను.

"ఇందులో మా బాబు నేర్చుకునేది ఏముందండీ?" అని మా బ్లాకులో ఒకావిడ ఎప్పుడూ అడుగుతుంది. ఏముందో నాకూ తెలీదు. వాళ్ళ బాబు మాత్రం, రెండో క్లాసు, తెలుగు వాచకం ముట్టుకోనివాడు, కోతి పాట ఉన్న పేజీ తనే చదువుతానని నా చేతిలోంచి లాక్కుంటాడు. తోకలో ముల్లు గుచ్చుకున్న కోతి మంగలి దగ్గరికి వెళ్తుంది కదా, ముల్లు తీయబోయి తోక తెగుతుంది, తోక అయినా అతికించు లేకపోతే కత్తి అయినా ఇవ్వు అని పేచీ పెట్టి కత్తి పట్టుకుపోతుంది, అక్కణ్ణుంచి దాని ఎక్స్‌చేంజ్ ఆఫర్ మొదలు. మేకపోతు గాంభీర్యంతో బెదిరించి ఊరందరినీ దోచుకుని, చివరికి డోలు సంపాదించి చెట్టెక్కి "తోక పోయి కత్తి వచ్చె ఢాం ఢాం ఢాం" అని వాయించుకుంటుంది. శిక్షా లేదు, పశ్చాత్తాపమూ లేదు. ఆ బాబు ఢాం అన్నప్పుడల్లా పక్కనున్న కారు బానెట్ మీద కొడతాడు, ఆ కారు ఆవిడదే కాబట్టి నేనేం మాట్లాడను.

మొన్న ఈ కథ చదువుతుంటే మా వాచ్‌మన్ భార్య చీపురు పక్కన పెట్టి వచ్చి నిలబడి, "కట్టెలు పోయి అట్లొచ్చె ఏంటమ్మా, మా ఊళ్ళో గారెలు కదా" అంది. పుస్తకంలో అట్లే ఉన్నాయి. ఆవిడ ఒప్పుకోలేదు, కోతికి అట్లు ఎవరిస్తారు, పండగరోజు కట్టెలు తడిసిపోయిన ముసలమ్మ గారెలు వేస్తుంటే గదా అసలు ఈ గొడవంతా అని మొత్తం కథ మళ్ళీ మొదట్నుంచి ఎత్తుకుంది, మంగలి గొంతు ఒకటి, ముసలమ్మ గొంతు ఒకటి, కోతికైతే నడుం మీద చెయ్యి వేసుకుని మరీ. నేను పుస్తకం మూసేసి పిల్లలతో పాటు చాప మీద కూర్చున్నాను. అయిపోయాక అట్లా, గారెలా అని రెండు పార్టీలుగా విడిపోయి కొట్టుకున్నారు, సెక్రటరీ గారు మళ్ళీ ఫోన్ చేశారు, ఇక లాభం లేదని చేతులెత్తించి ఓటింగ్ పెట్టాం. గారెలు గెలిచాయి, ఆవిడే పుస్తకంలో అట్లు అన్న చోటల్లా పెన్నుతో కొట్టేయించింది.