4 నుంచి 8కి: నా సీపాప్ యంత్రం కుదురుకున్న తీరు

నిద్రలో గంటకు 38 సార్లు నా శ్వాస ఆగిపోవడమో బాగా సన్నగిల్లడమో జరుగుతోందని స్లీప్ స్టడీలో తేలింది. ఏహెచ్‌ఐ అనే ఈ లెక్క 5 లోపు ఉంటే సాధారణం, 30 దాటితే తీవ్రం. నిద్రలో గొంతు కండరాలు సడలి శ్వాసమార్గం మూసుకుపోకుండా, మాస్కు ద్వారా ఒత్తిడితో గాలి పంపి దాన్ని తెరిచి ఉంచడమే సీపాప్ యంత్రం పని.

రెండు నెలలు క్రమం తప్పకుండా వాడినా ఏహెచ్‌ఐ 11 దగ్గరే నిలిచిపోయింది, పగటి మగత వదల్లేదు. మాస్కు పెట్టుకోగానే గాలి చాలక ఉక్కిరిబిక్కిరి అయ్యేవాణ్ణి. కొత్త కదా, అలవాటవుతుందిలే అని ఓర్చుకున్నాను; ఆ విషయం మొదటి వారంలోనే చెప్పి ఉండవలసింది.

యంత్రం మెమరీ కార్డులోని వివరాలు చూసిన వైద్యురాలికి కారణం వెంటనే దొరికింది. యంత్రమే అవసరాన్ని బట్టి ఒత్తిడిని మార్చుకునే ఆటో పద్ధతిలో ఒత్తిడి హద్దులు (సెంటీమీటర్ల నీటి ఒత్తిడిలో) 4 నుంచి 20 వరకు, అంటే యంత్రం తయారై వచ్చినప్పుడు ఉన్నట్టే ఉండిపోయాయి. రాత్రిలో 95 శాతం సమయం నా ఒత్తిడి 10.4 లోపే ఉంది. గొంతు మూసుకోవడం మొదలయ్యాకే యంత్రం 4 నుంచి మెల్లగా పైకి వెళ్తుంది కాబట్టి, అది చాలినంత ఒత్తిడికి చేరేలోపే నా నిద్ర చెదిరిపోయేది. ఆమె కనిష్ఠాన్ని 8కి, గరిష్ఠాన్ని 13కి మార్చి, వారం రోజుల వరకు మరేదీ ముట్టుకోవద్దన్నారు. రెండు మార్పులు ఒకేసారి చేస్తే ఏది మేలు చేసిందో, ఏది చెడగొట్టిందో తెలియదు కనుక ఈ నియమం ఎంతో విలువైనదని నా నమ్మకం.

ఉక్కిరిబిక్కిరి మొదటి రాత్రే తగ్గింది కానీ, ఒత్తిడి పెరగడంతో మాస్కు అంచుల నుంచి గాలి కారసాగింది. పట్టీలు ఇంకా బిగిస్తే లీకు ఎక్కువైంది. పడుకుని, గాలి వస్తుండగానే పట్టీలు వదులు చేసి మాస్కును మళ్లీ సర్దుకున్నాక తగ్గింది.

ఆ తర్వాత మరో చిక్కు వచ్చింది. అడ్డంకి వల్ల కలిగే విరామాలు తగ్గినా, శ్వాసమార్గం తెరిచే ఉండి శ్వాస ఆగే సందర్భాలు పెరిగాయి. గాలి మార్పిడి ఎక్కువై రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గితే, ఊపిరి తీసుకోమని మెదడు ఇచ్చే ప్రేరణ కూడా తగ్గుతుందని వైద్యురాలు వివరించారు. ఊపిరి వదిలేటప్పుడు ఒత్తిడి తగ్గించే సదుపాయం గాలి మార్పిడిని పెంచగలదు కాబట్టి, దాని స్థాయిని 3 నుంచి 1కి దించారు. పది రోజుల్లో ఆ విరామాలు చాలావరకు పోయాయి.

ఇప్పుడు నా ఏహెచ్‌ఐ 2 దగ్గర ఉంది. ఉదయం లేవగానే వచ్చే తలనొప్పి లేదు. మధ్యాహ్నం పుస్తకం పట్టుకుంటే అధ్యాయం పూర్తయ్యేదాకా కన్ను మూతపడడం లేదు.