కొసరు

ఆదివారం సంతలో రెండు పౌండ్ల టమాటాలు తూయించుకుని, అలవాటు కొద్దీ ఇంకో రెండు సంచిలో వేసుకున్నాను. అమ్మేవాడు ఏమీ అనలేదు. నాతో వచ్చినావిడే ఆ రెండూ తీసి మళ్లీ కుప్పలో పెట్టేసి, "కావాలంటే డబ్బులిచ్చి తీసుకో" అంది.

ఆవిడది గ్వాటెమాలా. ఇక్కడ ఫ్లోరిడాలో ఇద్దరం ఒకే హోటల్ కిచెన్‌లో కూరగాయలు తరుగుతాం. నాకు తల కొట్టేసినట్టయింది. కొసరు దొంగతనమా? కొసరు వెయ్యనివాడి దగ్గరికి మళ్లీ ఎవరు పోతారు? ఆ మాటే చెప్పబోయాను గానీ, కొసరుకి నాకొచ్చిన ఇంగ్లీషులో మాట దొరకలేదు.

మర్నాడు ఉల్లిపాయలు తరుగుతూ తనే చెప్పింది. ఫ్లోరిడాలోనే ఇమ్మోకలీ అనే ఊరి టమాటా తోటల్లో ఏళ్ల తరబడి కోతకి వెళ్లిందట. బకెట్టుకి 32 పౌండ్లు, కూలి లెక్కకి బకెట్టుకో టోకెన్. అంచు దాకా నింపితే చాలదు, పైన గోపురంలా పోగు పెడితేనే టోకెన్. ఆ పోగుకి కూలి లేదు.

అక్కడి కూలీలు సమ్మెలు చేశారు, నిరాహార దీక్షకి కూర్చున్నారు. ఎంతకీ గిట్టుబాటు కూలి రాకపోయేసరికి, అసలు ధర తొక్కిపట్టేది టమాటాలు కొనే పెద్ద కంపెనీలే కదా అని 2001లో టాకో బెల్ అనే ఫాస్ట్‌ఫుడ్ హోటళ్లలో తినొద్దని జనాన్ని అడిగారు. వాళ్లు కోరింది పౌండుకి ఒక్క సెంటు. అప్పుడు బకెట్టు కూలే 40, 45 సెంట్లు. ఆ సెంటు వస్తే బకెట్టుకి ఇంకో 32. కాలేజీ పిల్లలు కూడా కలిసొచ్చారు. 2005 మార్చిలో కంపెనీ ఒప్పుకుంది. తర్వాత మెక్‌డొనాల్డ్స్, బర్గర్ కింగ్. ఆ ఒప్పందాల వెంట వచ్చిన నియమాల్లో పోగు కూడా పోయింది. ఇప్పుడు ఆ నియమాలున్న తోటల్లో బకెట్టు అంచు వరకే.

సెంటు సంగతి సరే. నాకు ఆ అంచు దగ్గరే మనసు ఆగిపోయింది. మా మిరపతోటలో కోత కూలి కిలోల లెక్కన ఇచ్చేవాళ్లం. కాటా అయ్యాక మా తాతయ్య "ఇంకో దోసెడు పొయ్యవే అమ్మాయ్" అనేవాడు. పోసేవాళ్లు. నవ్వుతూనే పోసేవాళ్లు, నాకు బాగా గుర్తు. అది చనువు అనుకునేదాన్ని. మాకున్నదీ రెండెకరాలే, తాతయ్య ఏమన్నా జమీందారా! అయినా రోజుకి ఎన్ని దోసిళ్లు, ఎన్ని కోతలు అని రాత్రంతా లెక్క వేస్తూ పడుకున్నాను.

పై ఆదివారం సంతలో ఉండగా అమ్మ ఫోన్ చేసింది.

"కొసరు వేశాడా?"

"ఆఁ, వేశాడమ్మా" అన్నాను.