ఎర్రగుడి బండల దగ్గర అశోకుడి దండోరా

తొలకరి పడిందంటే గుత్తి–పత్తికొండ బస్సుల్లో కాలు పెట్టే సందుండదు. జొన్నగిరి, తుగ్గలి చేలల్లో వజ్రాలు వెతుక్కోవడానికి ఎక్కడెక్కడి నుంచో జనం దిగుతారు. అదే దారిలో, గుత్తికి సుమారు 13 కిలోమీటర్ల దూరంలో, ఎర్రగుడి గుట్ట బండల మీద అశోకుడి శాసనాలున్నాయి. వాటి కోసం టికెట్ అడిగినా కండక్టర్ "యాడికన్నా, వజ్రాలకా?" అనే అంటాడు. ఆ అనుమానం మరీ అన్యాయమైనదేం కాదు. ఈ శాసనాల్ని 1920ల చివర్లో లోకానికి చూపించిన అను ఘోష్ భూగర్భ శాస్త్రవేత్త. అంతకుముందు 1915లో కర్ణాటకలోని మస్కీలో అశోకుడి శాసనాన్ని గుర్తించిన బీడన్ బంగారు గనుల ఇంజినీరు. రాళ్ల కోసం తిరిగేవాళ్ల కంటే రాతల్ని బాగా పట్టేవాళ్లు లేరని మా సార్ అంటుంటాడు.

సార్ అంటే రిటైరైన తెలుగు లెక్చరర్. నాకు గుత్తిలో జిరాక్స్ షాపు. శాసనాల పాఠాలు కాపీలు తీయించుకోవడానికి వచ్చేవాడు. "ఇదేం లిపి సార్" అని నోరు జారి అడిగాను. అంతే, జనాన్ని ఎర్రగుడి శాసనాల దగ్గరికి తీసుకుపోయే నడకలకని నా ఆదివారాలు ఆయన చేతికి పోయాయి. ఆయన మాట్లాడతాడు. మనుషుల్ని పోగేయడం, కాగితాలు ప్రింటు తీయడం, ఉగ్గాని పొట్లాలు కట్టించడం నా పని.

ఇట్లాంటి నడకలు ఇప్పుడు చాలాచోట్ల జరుగుతున్నాయి. సంతోషమే. కానీ చాలావాటిలో పద్ధతి నాకు నచ్చదు. నలభై మంది వస్తారు, ఒకాయన మైకులో "ఇది రెండు వేల రెండొందల ఏళ్ల కిందటిది" అంటాడు, అందరూ ఫోన్లు తీస్తారు, అయిపోయింది. దాని మీద ఏం రాసుందో ఒక్కరూ చదవరు. అది ఫొటో కోసం చెక్కిన బండ కాదు కదా. జనానికి వినిపించమని చెక్కించిన మాట. ఇది నేను ఊహించి చెప్పేది కూడా కాదు, శాసనంలోనే ఉంది. రజ్జుకుడనే అధికారికి ఆజ్ఞ ఇవ్వండి, అతను భేరి మోగించి పల్లె జనానికి చెప్పాలి అని ఎర్రగుడి చిన్న శాసనం అంటుంది. తల్లిదండ్రుల మాట వినండి, పెద్దల్ని గౌరవించండి, ప్రాణుల మీద దయ చూపండి, నిజం చెప్పండి. ఇదీ చెప్పాల్సిన విషయం. మావటివాళ్లకు, రాతపని వాళ్లకు కూడా వాళ్ల వాళ్లకు ఈ మాట నేర్పమని వేరే చెప్పారు. మొత్తానికి ఇది దండోరా. దండోరాని నిశ్శబ్దంగా చూసి వెళ్లిపోతే ఏం లాభం?

అందుకే మేం మైకులు, బ్యానర్లు మానేశాం. ఊళ్లోవాళ్లనే ముందు పిలుస్తాం. బుడ్డలు, అదే వేరుశనగ, పీకే రోజుల్లో ఎవరూ రారు. పని తగ్గినప్పుడు పిల్లలు, గొర్రెల కాపర్లు, ఒకరిద్దరు ముసలివాళ్లు వస్తారు. పొద్దున ఏటవాలు ఎండ పడే వేళకే గుట్టెక్కాలి. అప్పుడు గీతల్లో నీడ నిలబడి అక్షరాలు లేస్తాయి. పది దాటిందా, ఎంత చూసినా బండ బండే. ఈ బ్రాహ్మి లిపిలో పిల్లలకు మొదట దొరికేది 'క', అచ్చం కూడిక గుర్తు. తర్వాత 'న', తలకిందులుగా పెట్టిన ఇంగ్లీషు టీ. రెండు చేతుల మధ్య నిలువు గీతున్న 'య' పట్టేశారంటే 'దేవానంపియ' చదివేస్తారు. అశోకుడు తనను తాను పిలుచుకున్న బిరుదు, దేవతలకు ఇష్టుడని. మస్కీలో అశోకుడనే పేరుంది, ఇక్కడ ఆ పేరు లేదు, ఈ బిరుదే.

చిన్న శాసనంలో ఒక చిత్రముంది. మొదటి వరుస ఎడమ నుంచి కుడికి, రెండోది కుడి నుంచి ఎడమకు, కొంతదూరం ఇట్లే మళ్లుతూ పోతుంది. ఎందుకట్లా రాశాడని సార్ పిల్లల్ని అడుగుతుంటే వెనక నుంచి ఒక గొర్రెల కాపరి "ఎద్దులు సాలు కొసన మళ్లినట్టు మళ్లినాడు, ఇంకేముంది" అన్నాడు. సార్ కాసేపు మాట్లాడలేదు. ఈ రాతకు గ్రీకులు పెట్టిన పేరు కూడా అదే సంగతి మీద పెట్టారట.

పెద్ద శాసనాలు పద్నాలుగూ ఇక్కడున్నాయి. అన్నీ చదివితే మధ్యాహ్నమైపోతుంది, కాబట్టి జనానికి పట్టేవి ఎంచుకుంటాం. మొదటిది వంటింటి లెక్క. ఇదివరకు రాజు వంటశాలలో కూర కోసం రోజూ లక్షల ప్రాణాలు చచ్చేవి, ఇప్పుడు రెండు నెమళ్లు, ఒక జింక, ఆ జింక కూడా రోజూ కాదు, ముందుముందు ఇవీ ఉండవు అంటాడు. ఇది విన్న ఒక అవ్వ "నెమళ్లు ఎందుకు విడిచిపెట్టలేదంట? రుచికా?" అని నిలదీసింది. మేం తడుముకున్నాం. రెండోది దారుల పక్కన బావులు తవ్వించడం, చెట్లు నాటించడం, మనుషులకూ పశువులకూ వైద్యం. ఈ సీమలో బావి మాట ఎత్తితే చాలు, ఎవరికీ వ్యాఖ్యానం అక్కర్లేదు.

పదమూడోది కళింగ యుద్ధం. లక్షన్నర మందిని తరలించుకుపోయారు, లక్ష మంది చచ్చారు, అందుకు నాకు బాధగా ఉంది అని రాజే ఒప్పుకుంటాడు. కళింగలోని ధౌలి, జౌగడ బండల మీద మాత్రం ఈ శాసనం వేయించలేదు. ఓడినవాళ్లకు చెప్పని మాట ఇంత దూరాన మన గుట్ట మీద చెక్కించాడు! ఇందులో ఆంధ్రుల పేరు కూడా వస్తుందని మా పిల్లలకు గర్వం. నాకు మాత్రం ఆ లక్షన్నర దగ్గరే గొంతు పట్టేస్తుంది.

దిగేటప్పుడు ఓపికుంటే పత్తికొండ దాకా పోతాం. మద్రాసు గవర్నర్ థామస్ మన్రో 1827 జులై 6న కలరాతో చనిపోయింది అక్కడే. మొదట మా గుత్తిలోనే పాతిపెట్టారు, తర్వాత మద్రాసు తీసుకుపోయారు. మన్రో కథలు ఊళ్లో అందరూ చెప్తారు, అందులో మా అవసరమేం లేదు. వింటాం, టీ తాగుతాం.

వచ్చేవాళ్లకు ఒక్క మాట. సుద్దముక్కతో అక్షరాలు దిద్దొద్దు. ఫొటోలో బాగా పడాలని ఈ పని చేసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. నీళ్లు చల్లడం, పిన్నులతో గీకడం కూడా అంతే. సార్ అయితే ఒకసారి బ్యాగులు తెరిపించి మరీ చూశాడు.

సంక్రాంతి తర్వాత రాజుల మందగిరికి పోదామనుకుంటున్నాం. అక్కడ రామలింగేశ్వరుని గుడి దగ్గర బండ మీద ఇదే చిన్న శాసనం ఇంకో ప్రతి ఉంది. చాలా అరిగిపోయింది, చదవడం కష్టమే, కాగితం చేతిలో పెట్టుకోవాలి. ఈ పక్క ఊళ్లవాళ్లెవరైనా రాదలిస్తే గుత్తి బస్టాండులో ఎవరినైనా జిరాక్స్ షాపు అడగండి. టోపీ, నీళ్లు మీవి. ఉగ్గాని మాది.