డబ్బు నాదే, కళ్ళజోడూ నాదే, రసీదు మాత్రం వాళ్ళకి

2025 ఆగస్టు చివర్లో ఓ ఆదివారం సాయంత్రం మా వాడు పరుగెత్తుకుంటూ వచ్చి సోఫాలో దభీమని కూలబడ్డాడు. వాడి కింద అమ్మ కళ్ళజోడు. ఫ్రేము రెండు ముక్కలైంది, ఒక అద్దం అంచున పెచ్చు లేచింది. అమ్మ ఇండియా నుంచి వచ్చి అప్పటికి నెలన్నర, ఇంకా రెండున్నర నెలలు ఉండాలి. "ఏం కాదులే, దారం కట్టుకుంటా" అంది. దారం కడితే ఆగేలా విరగలేదది. నేను మాత్రం ధీమాగానే ఉన్నాను. వైద్య ఖర్చుల కోసం ఆఫీసులో తీసుకున్న నా ఎఫ్‌ఎస్‌ఏ కార్డులో ఇంకా 136 డాలర్లున్నాయి మరి. "కార్డుందిగా" అన్నాను మా ఆయనతో. ఆయన కాసేపాగి, "అత్తయ్యగారికి వాడొచ్చంటావా?" అన్నారు.

ఆ ప్రశ్న దగ్గరికి మళ్ళీ వస్తాను. ముందు ఆ కార్డుకీ నాకూ ఉన్న పాత పగ చెప్పాలి.

ఎఫ్‌ఎస్‌ఏ అంటే ఫ్లెక్సిబుల్ స్పెండింగ్ అకౌంట్. వచ్చే ఏడాది డాక్టర్లకీ, పళ్ళకీ, కళ్ళకీ ఇంత ఖర్చవుతుందని మనమే ఓ అంకె చెప్పాలి. కంపెనీ ఆ మొత్తాన్ని ఏడాది పొడుగునా ప్రతి పేచెక్కులోంచీ కొంచెం కొంచెం తీసి పక్కన పెడుతుంది. ట్యాక్స్ లెక్క కట్టకముందే తీస్తుంది కాబట్టి ఆ డబ్బుమీద ఫెడరల్ ట్యాక్స్ ఉండదు, సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కింద పోయే 7.65 శాతమూ ఉండదు. మేముండేది డాలస్ పక్కన, టెక్సస్‌లో స్టేట్ ఇన్‌కమ్ ట్యాక్స్ ఎలాగూ లేదు. మాది 22 శాతం శ్లాబు. అంటే వంద డాలర్ల కళ్ళజోడు ఈ కార్డుతో కొంటే సుమారు 30 డాలర్లు మిగిలినట్టు. ఇంతవరకూ అంతా బాగానే ఉంటుంది. కంపెనీ వాళ్ళు చూపించే స్లైడులో కూడా ఇంతవరకే ఉంటుంది.

2022లో ఈ ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఏటా ఇన్సూరెన్సులూ అవీ ఎంచుకునే ఓపెన్ ఎన్‌రోల్‌మెంట్ పేజీలో గబగబా టిక్కులు పెట్టుకుంటూ పోతూ 2023కి 1,200 డాలర్లని కొట్టేశాను. ఎందుకు 1,200 అంటే నా దగ్గర జవాబు లేదు. నెలకి వందే కదా అనుకున్నాను, అంతే. తర్వాత జీతం చీటీ మీద ఆ వరస చూసినా, అదేదో ఇన్సూరెన్సు కోత అనుకుని వదిలేశాను. అది నా డబ్బే అన్న సంగతి అలా మెల్లగా మర్చిపోయాను.

డిసెంబరు నెలాఖరుకి ఇంకా 380 డాలర్లు మిగిలున్నాయి. ఆ ఏడాదిలో వాడకపోతే ఆ డబ్బు పోతుందని తెలుసు. కానీ పోర్టల్‌లో "మార్చి 31 వరకు గడువు" అని కనబడింది. హమ్మయ్య అనుకున్నాను. పండగ సెలవులన్నీ అయ్యాక, జనవరి 9న తీరిగ్గా వెళ్ళి 400 డాలర్ల పైచిలుకు పెట్టి మంచి జోడు చేయించుకుని, బిల్లు అప్‌లోడ్ చేశాను. వారానికి జవాబొచ్చింది: తిరస్కరించాం.

ఆ మార్చి 31 కొనడానికి గడువు కాదట. డిసెంబరు 31 లోపు పెట్టిన ఖర్చులకి బిల్లులు పంపుకోవడానికి గడువు. దాన్ని రనౌట్ పీరియడ్ అంటారు. నిజంగానే కొత్త ఏడాదిలో కూడా ఖర్చు పెట్టుకోనిచ్చేది గ్రేస్ పీరియడ్, అది గరిష్ఠంగా రెండున్నర నెలలు. కొన్ని కంపెనీలు గ్రేస్ పీరియడ్ ఇస్తాయి, కొన్ని దానికి బదులు కొంత మొత్తాన్ని వచ్చే ఏడాదికి జరుపుకోనిస్తాయి. ఆ ఏడాదికి ఆ పరిమితి 610 డాలర్లు. ఒకే ఖాతాకి రెండూ ఇవ్వడం కుదరదు, ఏదీ ఇవ్వకపోయినా తప్పు లేదు. మా కంపెనీ ఏదీ ఇవ్వని రకం. పైగా మా దగ్గర ఎఫ్‌ఎస్‌ఏ ఏటా కొత్తగా ఎంచుకోవాలి, దానంతటదే కొనసాగదు. నేను 2024కి ఎంచుకోనేలేదు. కాబట్టి ఆ జోడు మొత్తం నా జేబులోంచే పోయింది, 380 కూడా పోయింది. ఎక్కడికి పోయిందని అడిగితే, అలా మిగిలిపోయినవి కంపెనీకే చెందుతాయనీ, ఈ పథకం నడిపే ఖర్చులకి వాడుకోవచ్చనీ చెప్పారు.

ఆ రాత్రి కాగితం మీద లెక్క వేశాను. 1,200 మీద నాకు మిగిలిన ట్యాక్స్ 356. వదులుకున్నది 380. ఏడాదంతా ట్యాక్స్ ఆదా చేసి 24 డాలర్లు నష్టపోయాను. మా ఆయన నవ్వలేదు కానీ, నవ్వాపుకుంటున్నారని తెలుస్తూనే ఉంది.

2024 అంతా అలిగి దాని జోలికే పోలేదు. ఆ ఏడే మా వాడికి బోర్డు మీది అక్షరాలు కనబడట్లేదని తెలిసింది. పెరిగే పిల్లాడికి ఏడాది తిరిగేసరికి పవర్ మారుతుంది, అంటే జోడు మారుతుంది. నాకు నలభై దాటాక దగ్గరివి మసకబారడం మొదలైంది. మా ఆయనకి కాంటాక్ట్ లెన్సులు, వాటి సొల్యూషను ఎప్పుడూ ఉండేవే. ఇవి అనుకోకుండా వచ్చిపడే ఖర్చులు కావు, ముందే లెక్క కట్టుకోదగ్గవి. ఆ సంగతి బుర్రకెక్కాక 2025కి 500 డాలర్లు పెట్టాను. ఈసారి ఊరికే తోచిన అంకె కాదు, మా ముగ్గురి కళ్ళూ కూడితే వచ్చిన అంకె.

ట్యాక్సులు చూసే ఐఆర్‌ఎస్ వాళ్ళది పబ్లికేషన్ 502 అని ఒకటుంది. వైద్య ఖర్చు కింద ఏది వస్తుందో ఏది రాదో అందులో అక్షర క్రమంలో ఉంటుంది. కంటి పరీక్ష, చూపు కోసం కొనే కళ్ళద్దాలు, కాంటాక్ట్ లెన్సులు, వాటిని శుభ్రం చేసే ద్రవాలు, లేజర్ ఆపరేషను అన్నీ వస్తాయి. పవర్ ఉన్న చలువ కళ్ళద్దాలూ చెల్లుతాయి, పవర్ లేనివి చెల్లవు. మా ఆయన డ్రైవింగ్‌కని ఒకటి చూసి పెట్టుకున్నారు, పాపం, అది రెండో రకం.

విజన్ ఇన్సూరెన్సు ఉన్నా మన జేబులోంచి పోయేది ఎంతో షాపుకి వెళ్తేనే తెలుస్తుంది. మా ప్లానులో పరీక్షకి 10, అద్దాలకి 25 కోపే (అంటే మన వాటా), ఫ్రేముకి 150 వరకు వాళ్ళిస్తారు. మా వాడు పట్టుపట్టిన ఫ్రేము 199. పైన ఆ 49, యాంటీ గ్లేర్ కోటింగుకి 60, కోపేలు కలిపి 144 అయింది. నావి దూరం, దగ్గర రెండూ ఒకే అద్దంలో కనబడే ప్రోగ్రెసివ్ అద్దాలు. ఫ్రేము 150లోనే సరిపెట్టుకున్నా 220 అయింది. ఎఫ్‌ఎస్‌ఏ నుంచి తీసుకోగలిగేది మన చేతినుంచి పోయినదే, ఇన్సూరెన్సు కట్టిన భాగానికి మళ్ళీ అడగకూడదు. రెండూ కలిపి 364. అందులో ట్యాక్సు రూపంలో మాకు మిగిలింది 108 దాకా.

ఇక్కడ ఈ ఖాతాలో నాకు నచ్చిన ఒకే ఒక్క గుణం చెప్పాలి. ఏడాది మొత్తానికి ఎంత అనుకున్నామో అంతా మొదటి రోజునుంచే వాడుకోవచ్చు, జీతంలోంచి ఇంకా కోయకపోయినా సరే. మా పాత టీములో ఒకతను ఇలాగే ఫిబ్రవరిలో లేజర్ ఆపరేషను చేయించుకున్నాడు, ఏడాది డబ్బంతా ఒక్కసారే వాడేసి. మార్చిలో లేఆఫ్. మిగతా డబ్బు తిరిగి కట్టమంటారేమోనని అతనికి ఉద్యోగం పోయిన బాధకంటే ఆ టెన్షనే ఎక్కువైంది. కట్టక్కర్లేదు, నిబంధనే అలా ఉంది. అదే అతను వాడకుండా దాచుకుని ఉంటే, కోబ్రా (ఉద్యోగం పోయాక సొంత డబ్బుతో ప్లాను నడుపుకోనిచ్చే చట్టం) కింద కొనసాగించుకుంటే తప్ప ఆ దాచినదంతా పోయేది.

కార్డు గీకాం కదా, అయిపోయిందనుకుంటాం. అవలేదు. నెల తిరక్కుండా నా 220కి రుజువు పంపమని మెయిల్. కార్డు స్లిప్పు ఫోటో తీసి పంపాను. చెల్లదన్నారు. షాపు బిల్లు పంపాను. దాని మీద "మర్చండైజ్" అని ఒకటే ముక్క, అదీ చెల్లదన్నారు. ఎవరికోసం, ఏ తేదీన, ఎవరి దగ్గర, ఏ వస్తువు, ఎంత, ఈ అయిదూ ఒకే కాగితం మీద కనబడాలట. ఈలోపు కార్డు ఆపేశారు. షాపుకి ఫోన్ చేసి, ఫ్రేము ఒక వరసలో, అద్దాలు ఒక వరసలో, నా పేరుతో బిల్లు మళ్ళీ రాయించుకుని పంపితే గానీ వదల్లేదు. నా జీతంలోంచి కోసిన డబ్బుతో, నా ముక్కు మీద పెట్టుకునే జోడు కొన్నానని నేనెవరికో నిరూపించుకోవాలి! అప్పట్నుంచి డబ్బు కట్టకముందే వివరమైన బిల్లు అడుగుతున్నాను.

అడగాల్సింది ఇంకొకటుంది, ప్రిస్క్రిప్షన్ కాపీ. పరీక్ష అయిన వెంటనే, అడక్కపోయినా, అదనంగా పైసా తీసుకోకుండా కాపీ ఇవ్వాలని, వినియోగదారుల తరఫున చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీ నిబంధన 1978 నుంచీ ఉంది. ఆ కాగితం చేతిలో ఉంటే జోడు ఎక్కడైనా చేయించుకోవచ్చు. మా వాడికి రెండో జోడు ఆన్‌లైన్‌లో తెప్పించాం. కనుపాపల మధ్య దూరం మాత్రం ఆ కాగితం మీద లేదు, అది రాసి తీరాలని ఆ నిబంధనలో లేదు. మా ఆయన వాణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి స్కేలు పట్టుకుని ఓ పావుగంట తంటాలు పడ్డారు, వాడేమో నవ్వుతూ కళ్ళు మూసుకుంటాడు.

2025 నవంబరులో మళ్ళీ ఎన్‌రోల్‌మెంట్ వచ్చింది. 2026కి మా ఆయన కంపెనీలో హై డిడక్టిబుల్ ప్లాను (ముందు మన జేబులోంచి ఎక్కువ పోయే ఇన్సూరెన్సు), దానితో హెచ్‌ఎస్‌ఏ, అంటే హెల్త్ సేవింగ్స్ అకౌంట్, తీసుకుందామనుకున్నాం. అందులో డబ్బు ఏడాది దాటినా పోదు, ఉద్యోగం మారినా మనదే. ఇవాళ జోడు సొంత డబ్బుతో కొని, రసీదు దాచుకుని, పదేళ్ళ తర్వాత తీసుకున్నా ఒప్పుకుంటారు, ఖాతా తెరిచాక చేసిన ఖర్చయితే చాలు. కుటుంబానికి 2026 పరిమితి 8,750 డాలర్లు. వైద్యానికి కాకుండా తీస్తే మాత్రం, 65 ఏళ్ళు నిండే వరకు, ట్యాక్సుతోపాటు 20 శాతం జరిమానా. న్యూజెర్సీలో ఉన్న మా చిన్నాన్న కూతురు ఇదంతా విని, మా స్టేటు ట్యాక్సులో దానికి మినహాయింపే లేదక్కా అని నిట్టూర్చింది. కాలిఫోర్నియాలోనూ అంతే.

అయితే ఒక మెలిక ఉంది. భార్య దగ్గర మామూలు ఎఫ్‌ఎస్‌ఏ ఉంటే, అది భర్త ఖర్చులకీ వర్తిస్తుంది కాబట్టి, ఆయన హెచ్‌ఎస్‌ఏలో డబ్బు వేయకూడదు. కంపెనీలు వేరైనా సరే. మా రెండు హెచ్‌ఆర్‌లూ ఈ మాట చెప్పలేదు, ఎవరి స్లైడు వాళ్ళది. నేనే తవ్వి పట్టుకున్నాను. చివరికి నేను లిమిటెడ్ పర్పస్ ఎఫ్‌ఎస్‌ఏ తీసుకున్నాను. అది పళ్ళకీ కళ్ళకీ మాత్రమే, హెచ్‌ఎస్‌ఏకి అడ్డు రాదు. 450 పెట్టాను. మా ఆయన గుండ్రంగా 500 పెట్టమన్నారు. గుండ్రటి అంకెలతో నాకు జరిగింది చాలు.

ఇక అమ్మ జోడు. ఆ రాత్రి కూర్చుని చదివాను. ఎఫ్‌ఎస్‌ఏ నాకు, నా భర్తకి, పిల్లలకి, ట్యాక్సు లెక్కలో నా మీద ఆధారపడిన వాళ్ళకి. తల్లిదండ్రులు ఆ లెక్కలోకి రావచ్చు, కానీ అమెరికా పౌరులో, ఇక్కడి రెసిడెంట్లో, కెనడా మెక్సికోల్లో ఉండేవాళ్ళో అయ్యుండాలి. నాలుగు నెలల కోసం విజిటర్ వీసా మీద వచ్చిన మా అమ్మ ఇందులో ఏదీ కాదు. "కార్డుకేం తెలుసు ఎవరి జోడో?" అన్నారు మా ఆయన, గట్టిగా కాదు, గాల్లోకి. కార్డుకి తెలీదు. కానీ అలా వాడాలంటే బిల్లు మీద పేరు నాది రాయించాలి, ఆమె పవర్ నా పవర్ అనాలి. వినపడిందేమో, అమ్మ గదిలోంచే, "నా కళ్ళ కోసం మీరు దొంగ లెక్కలు రాయకండి నాయనా" అంది.

మర్నాడు తీసుకెళ్ళాను. పరీక్షకి 89, బైఫోకల్ జోడుకి 176, మొత్తం 265, మామూలు డెబిట్ కార్డుతో. ఆమె విజిటర్ ఇన్సూరెన్సులో కళ్ళజోడు లేదు. కారెక్కాక మనసులోనే గుణించుకుని, "23 వేలా! ఆ చీటీ ఇలా ఇవ్వు, జాగ్రత్త పెడతా. మళ్ళీ నిన్ను అడుగుతారు" అంది. ఇన్నాళ్ళ మా గొడవలన్నీ వింటూనే ఉంది మరి.

"దీనికి ఎవరూ అడగరమ్మా" అన్నాను.

అయినా మడిచి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంది.